శకటం తీసుకోండి, ఏనుగు జోలికి వెళ్ళొద్దు

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
వేసవి మొదట్లో

వదినగారికి,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు నా గోడు వినండి.

మా చదరంగ సంఘం సెక్రటరీ సంగతి మీకు తెలుసుగా. ప్రతి మాటా ఒక నిట్టూర్పుతో మొదలెడతాడని ఊరంతా ఆయన్ని నిట్టూర్పుగారు అంటారు. మొన్న సాయంత్రం దుకాణానికి వచ్చి, చత్వారం అద్దాలు ముక్కు మీద పెట్టించుకుని, నిట్టూర్చి, "అమ్మా, ఆ నల్లవైపు ఆట ఎప్పుడో చచ్చిపోయింది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు దాన్ని పాతిపెట్టి వెళ్ళిపోయారు. మీరింకా శవానికి సింగారం చేస్తున్నారు" అన్నాడు.

ఏ ఆటో చెప్పక్కర్లేదు. మన కొంపముంచుడు ఆటే. తెల్లవాడు రాజు ముందు బంటును తోస్తాడు, మనమూ తోస్తాం. వాడి గుర్రం బయటికొచ్చి మన బంటు మీద కన్నేస్తుంది. బుద్ధున్నవాళ్ళు ఆ బంటును కాపాడుకుంటారు. మనం మాత్రం రాజుగారి పక్క బంటును కూడా ముందుకు తోసి, ఇంటి తలుపు బార్లా తీసి, దమ్ముంటే రారా అంటాం. పిల్లల పెళ్ళి రోజున రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద కూర్చుని, మీరూ ఇదే ఆడతారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం పెళ్ళి కుదిరినప్పుడు కూడా కలగలేదు. మా వాడితో అనకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఊరి సంఘంతో మాకు పోటీ వస్తోంది. మూడో బల్ల నాది. ఈసారి కూడా ఇదే ఆట ఆడి ఓడితే కుర్చీ ఖాళీ చెయ్యాలని నిట్టూర్పుగారి తీర్మానం. వేరే ఆట ఆడమంటారేమో, అది నావల్ల కాదు. పగలంతా ఎవరి కళ్ళకో అద్దాలు సానబెడతాను. సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని ఈ ఆట మొదలుపెడితేనే నాకు నేను కనిపిస్తాను. ఆ కుర్చీ పోతే ఇంటికొచ్చి మీ అన్నయ్యగారితో కలిసి వార్తలు చూడాలి.

కాబట్టి నిజం చెప్పండి. మన ఆటకి ఇంకా ఊపిరి ఉందా, లేదా? ఫోన్ చెయ్యకండి. పోయినసారి ఫోన్లో మీరు "ఆ గుర్రం" అంటే నేను "ఏ గుర్రం" అనడంతోనే పొద్దుపోయింది. ఆ అక్షరాలూ అంకెలూ వేసి రాసే పద్ధతి నాకు రాదు, మామూలు మాటల్లో రాయండి. మీ ఊరి మూడో బల్ల ఎవరిదో కూడా రాయండి.

పిల్లలు బాగానే ఉన్నారు. నిన్న ఒకే గొడుగు కోసం పోట్లాడుకున్నారు.

మీ కళ్ళద్దాల వదిన

*

బస్సు డిపో, ఎంక్వయిరీ కిటికీ
ఎండలు ముదిరాక

వదినగారూ,

మీ ఉత్తరం కిటికీ దగ్గరే చదివాను. మధ్యలో ఒకాయన వచ్చి తన బస్సు సంగతి అడిగితే, "ఇంకా ఊపిరి ఉందండీ" అన్నాను. ఆయన బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తాడు.

మీకూ అదే జవాబు. ఊపిరి ఉంది. కాకపోతే పట్టుకోవాల్సిన చోట పట్టుకోవాలి. తెల్లవాడు రెచ్చిపోయి మీదికి వచ్చే దారి ఒకటుంది, మీకూ తెలుసు. మన మంత్రి వాడి ఇంట్లోకి దూరుతుంది. వాడు మన రాజుకు చెక్ మీద చెక్ ఇస్తాడు. మన రాజు పక్కకి తప్పుకుంటాడు. సరిగ్గా అక్కడే అందరూ కొంప ముంచుకుంటారు. తినడానికి రెండు కనిపిస్తాయి, రెండూ తినాలనిపిస్తుంది. శకటం తీసుకోండి. ఏనుగు జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది ఎర. దాన్ని అక్కడే వదిలేసి, మన మంత్రి వైపు ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి జరపండి. రాజుకు సందు దొరుకుతుంది. ఆ సందులోంచి రాజు బయటపడితే ఇక తెల్లవాడు తల పట్టుకోవాల్సిందే.

ఇది ఎవరో రాసింది కాదు. మా నాన్న చెప్పింది కొంత, నేను ఈ కిటికీ వెనక కూర్చుని బస్సుకీ బస్సుకీ మధ్య ఆలోచించింది కొంత.

మా ఊరి మూడో బల్ల మందుల షాపాయనది. మంచి మనిషి. అంతకంటే నాకేం తెలియదు.

అమ్మాయికి దగ్గు తగ్గిందా?

కిటికీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
ఆదివారం

వదినగారికి,

దగ్గు తగ్గింది. నాకు తలనొప్పి పట్టుకుంది.

మీరు చెప్పినట్టే బల్ల పరిచి, మీ అల్లుణ్ణి తెల్లవైపు కూర్చోబెట్టాను. మంత్రి దూరింది, చెక్ మీద చెక్ వచ్చింది, రాజు తప్పుకున్నాడు. మీరన్నట్టే తినడానికి రెండు కనిపించాయి. అంతవరకు అక్షరం పొల్లుపోలేదు. శకటును తీసుకుని ఏనుగును వదిలేశాను, గుండె రాయి చేసుకుని. తరవాత మీరు చెప్పిన బంటును ఒక్క గడి జరిపాను. సందు ఏదీ? రాజు ఇక్కడ, బంటు అక్కడ, వాళ్ళిద్దరికీ పలకరింపులు కూడా లేవు. ఆ బంటు జరిగితే నా రాజుకు ఏం ఒరుగుతుందో నాకు బోధపడలేదు. మీ అల్లుడు కూడా బుర్ర గోక్కుని, "అత్తయ్య ఏదో చాలా లోతుగా ఆలోచించి ఉంటుందమ్మా" అన్నాడు. లోతు తెలియకుండా దూకితే ఏమవుతుందో మీకు చెప్పాలా?

మీ అమ్మాయి వచ్చి తొంగిచూసి, ఆవులించి వెళ్ళిపోయింది. తల్లి ఇంత ఆటగత్తె అయ్యుండి పిల్లకు నేర్పలేదేం?

మళ్ళీ రాయండి. ఈసారి నాలాంటి మొద్దుకు అర్థమయ్యేలా.

మీ వదిన

*

బస్సు డిపో, ఎంక్వయిరీ కిటికీ
జల్లు పడిన రోజు

వదినగారూ,

నాకూ అయోమయంగానే ఉంది. మీ ఉత్తరం చూసి మళ్ళీ బల్ల వేశాను. సందు ఎదురుగా ఉంది. బంటు జరిగిందో లేదో, రాజుగారు చెప్పులేసుకుని బయల్దేరవచ్చు. మీకు కనిపించకపోవడం ఏమిటి? బల్ల తిప్పి పరిచారా? మీ కుడిచేతి మూల గడి తెల్లదేనా? తప్పుగా అనుకోకండి, మాకు ఇక్కడ ఊరి పేరు అడిగి మరీ వేరే బస్సు ఎక్కేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

ఒకవేళ అంతా సరిగ్గానే ఉంటే, నమ్మి ఆడండి. శకటం తీసుకోవాలి, ఏనుగును వదలాలి, బంటు జరపాలి. ఇంతకంటే విప్పి చెప్పడం నాకు రాదు.

అమ్మాయికి నేర్పబోయాను వదినగారూ. దానికి గుర్రానికి రిబ్బను కట్టడం, ఏనుగుకు అన్నం పెట్టడం, అవే ఆట. పేర్లు నేర్చుకుంది గాని నడక నేర్చుకోలేదు.

కిటికీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం
పోటీ అయిన మర్నాడు

గారూ గీరూ లేకుండా రాస్తున్నాను.

ఓడిపోయాను. ఓడిపోవడం అంటే అలా ఇలా కాదు, పక్క బల్లలవాళ్ళు తమ ఆట ఆపి వచ్చి నా పరాభవం చూశారు. మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఏనుగు నోటి ముందే ఉంది, మీ మాట మీద ముట్టుకోలేదు. శకటును తీసుకోమన్నారుగా, నా బంటుతో కొట్టాను. కొట్టానో లేదో, దారి తెరుచుకుని మందుల షాపాయన మంత్రి సర్రున దిగివచ్చి నా మూల ఏనుగును మింగేసింది. ఆ పైన ఆ దిక్కుమాలిన బంటును కూడా జరిపాను, మీ మీద ఉన్న నమ్మకంతో. ఆయన నా మొహంలోకి జాలిగా చూశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా?

ఓటమి ఒకెత్తు, ఆ తర్వాత జరిగింది ఒకెత్తు. చెయ్యి కలుపుతూ ఆయన, "మా సంఘంలో ఎంక్వయిరీ మేడం కూడా ఈ ఆటే ఆడుతుందండీ, మీకంటే బాగా ఆడుతుంది" అన్నాడు. మా సంఘంలో! మీరు ఆ సంఘంలో ఉన్నారని నాకు ఎందుకు చెప్పలేదు? మీ మూడో బల్ల ఎవరిదని అడిగితే "మంచి మనిషి, అంతకంటే తెలియదు" అని రాశారే. రోజూ పక్కన కూర్చునే మనిషి గురించి!

మీ ఊరు గెలవాలని మీరు కోరుకోవడంలో తప్పులేదు. కాని నా చేత్తో నా కళ్ళు పొడిపించాల్సిన అవసరం ఏమొచ్చింది?

నిట్టూర్పుగారు నిట్టూర్చలేదు, అదే భయంగా ఉంది. వానలు తగ్గాక మీ ఊళ్ళో మారు పోటీ ఉంది, అదే నా ఆఖరి అవకాశం అన్నాడు. ఆ రోజు ఓడితే మూడో బల్ల వేరేవాళ్ళది.

మీ అమ్మాయి పాపం కాఫీ కప్పు తెచ్చి నిలబడింది. "అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను. దాని మొహం చూడలేకపోయాను.

*

బస్సు డిపో
వాన

వదినగారూ,

మీరు గారూ తీసేసినా నేను తీయను.

దాచింది నిజమే. ఈ ఏడాదే సంఘంలో చేరాను. మీకు ఎదురుపక్షంలో ఉన్నానని తెలిస్తే ఇలా మనసు విప్పి రాయరేమోనని చెప్పలేదు. నాకు ఈ ఊళ్ళో మీలా మాట్లాడేవాళ్ళు లేరు. మందుల షాపాయన నన్ను అడిగాడు కూడా, "మీ వియ్యపురాలు ఏం ఆడుతుంది" అని. "ఆవిడ ఆట ఆవిడనే అడగండి" అన్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

కాని మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. బంటుతో కొట్టారా? శకటాన్ని బంటుతో ఎలా కొడతారు? దాని దగ్గర మన బంటు ఎక్కడుంది? మంత్రితో కదా కొట్టాలి! మంత్రి దాని పక్కనే ఉందిగా! నేను ఎక్కడా బంటుతో కొట్టమని రాయలేదు. మీరు ఆడింది నేను చెప్పిన ఆట కాదు. మీరు చెప్పేది నేను చెప్పినట్టే ఉంది. ఈ రెండూ ఎలా నిజమవుతాయో నాకు తోచడం లేదు. నిన్న కిటికీ దగ్గర ఒకావిడకి లేని బస్సు టైము చెప్పాను, ఇన్నేళ్ళలో మొదటిసారి.

అమ్మాయి ఫోన్ చేసింది. మీ గురించి అడిగితే "అత్తయ్య బాగానే ఉంది" అని పెట్టేసింది. నా మీద కోపం నా మీదే ఉంచండి వదినగారూ. అది మధ్యలో నలిగిపోతోంది.

కిటికీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
వాన వెలిసింది

వదినగారూ, వదినగారూ,

ముందు కూర్చోండి. కిటికీ మూసేయండి. బస్సులు వాటంతటవే పోతాయి.

మీ ఉత్తరం చదివి నాకు ఇంకా మండింది. "మంత్రి దాని పక్కనే ఉందిగా" అట. బల్ల పరిచి, మీ ఉత్తరం పైకి చదువుతూ, మీ అల్లుడికి చూపిస్తూ అరుస్తున్నాను. "చూడరా, మంత్రితో ఈ శకటును కొడితే వాడి గుర్రం నా మంత్రిని తినేస్తుంది. మీ అత్తగారికి మతిపోయిందా, నాకు పోయిందా?" అని. అరుపులో చెయ్యి తగిలి రెండు పావులు కిందపడ్డాయి. మీ అమ్మాయి వంగి తీస్తూ, మెల్లగా, "అత్తయ్యా, శకటం మూలన ఉంటే మీరు ఇంకోదాన్ని చూపిస్తారేం?" అంది.

"మూలన ఉండేది ఏనుగే పిచ్చిదానా, శకటు ఇది" అన్నాను.

"ఇది ఏనుగు కదా. నేను అన్నం పెట్టేదాన్ని దీనికే."

"ఏనుగు తిన్నగా పోకుండా ఐమూలగా పోతుందా ఎక్కడైనా?"

"బండి ఐమూలగా పోతుందా అత్తయ్యా? శకటం అంటే బండే కదా. వీధిలో ఏ బండైనా తిన్నగానే పోతుంది."

మీ అల్లుడు కుర్చీలోంచి జారి కిందపడ్డాడు, నవ్వలేక. నేను మాత్రం నవ్వలేదు. వదినగారూ, మా ఇంట్లో మూలన నిలబడి తిన్నగా పోయేది ఏనుగు. ఐమూలగా పోయేది శకటు. మీ ఇంట్లో సరిగ్గా తలకిందులు! మీరు "తీసుకోండి" అన్నది నేను వదిలేశాను. మీరు "వదలండి" అన్నదాని మీద పడి కొట్టాను. ఏనుగు ముందు బంటు అంటే నేను మూల బంటును జరిపాను, మీరన్నది రాజు దగ్గరి బంటు! ఇద్దరం ఒకే మాటలు రాసుకుంటూ, రెండు వేరు వేరు ఇళ్ళు తగలబెట్టుకున్నాం.

మీ మాటల్లో మళ్ళీ ఆడి చూశాను. రాజుకు సందు వచ్చింది. నిజంగానే చెప్పులేసుకుని బయల్దేరేలా ఉన్నాడు.

మీ అమ్మాయిని పట్టుకుని ఏడ్చాను. తప్పయిపోయిందే అన్నాను. అది "ఎందుకత్తయ్యా, ఏమైంది" అంటుంది, అంతసేపూ ఒక చేత్తో ఏనుగును పట్టుకునే ఉంది. మీ ఏనుగును. మిమ్మల్ని అన్న మాటలకు నా నోరు కడుక్కోవాలి. ఏ మొహం పెట్టుకుని క్షమించమనను? అయినా క్షమించండి.

గుర్రాన్ని మీ ఇంట్లో గుర్రమే అంటారా? ముందే చెప్పండి.

మీ వదిన

*

బస్సు డిపో, ఎంక్వయిరీ కిటికీ
వానలు తగ్గుతున్నాయి

వదినగారూ,

గుర్రం గుర్రమే. అంతవరకు దేవుడు దయ చూశాడు.

మీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే, డ్రైవర్లు నాకు ఏదో కబురు వచ్చిందనుకుని మంచినీళ్ళు తెచ్చారు. క్షమించడానికేముంది? నేనూ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కసారి బల్ల వేసి చూపించి ఉంటే సరిపోయేది. రాజు, మంత్రి, బంటు అన్న మాటలు కలిశాయి కదాని అన్నీ కలుస్తాయనుకున్నాం.

ఇక ఈ ఉత్తరంలో కష్టమైన ముక్క. దాచి ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి ముందే చెబుతున్నాను. మందుల షాపాయన ఇంటి పనుల్లో పడి మారు పోటీకి రావడం లేదు. మా కమిటీ మూడో బల్ల నాకిచ్చింది. వద్దన్నాను. వేరే మనిషి లేరన్నారు. తెల్లవి నావి.

అంటే మీ ఎదురుగా కూర్చునేది నేను.

ఇంకొకటి. పేర్లు సర్దుకున్నాక, మన ఆటను మొదటిసారి తెల్లవైపు నుంచి ఆడి చూశాను. ఇన్నాళ్ళూ నల్లవైపే కూర్చున్నాను కాబట్టి ఆ వైపు నుంచి ఎలా కనిపిస్తుందో నాకు తెలియనే తెలియదు. ఒకటి కనిపించింది. అదేమిటో రాయను. రాస్తే మా సంఘానికి ద్రోహం, రాయకపోతే మీకు ద్రోహం. ఏ వైపు ద్రోహం చిన్నదో తేల్చుకోలేక ఈ రెండు మాటలూ రాసి ఆపేస్తున్నాను. కావాలంటే మీరు వేరే ఆట ఆడండి. మీ కుర్చీ నా చేత్తో లాగడం నాకు ఇష్టం లేదు.

పోటీ అయ్యేదాకా ఆట గురించి రాసుకోవద్దు. అమ్మాయి గురించి రాయండి.

కిటికీ వదిన

*

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
మీ ఊరి నుంచి తిరిగొచ్చాక

వదినగారికి,

గెలిచాను. నిట్టూర్పుగారు బస్సులో దారి పొడుగునా నా పక్కన కూర్చుని, ఆ ఆట బతికే ఉందని నేనెప్పుడూ అనేవాణ్ణి అన్నాడు. మూడో బల్ల నాదేనని రాసి గోడకు అంటించారు. ఇంటికొచ్చేసరికి మీ అమ్మాయి గుమ్మంలో ఎదురుచూస్తోంది, ఎవరు గెలిచినా నాకు నష్టమేగా అంటూ.

ఇంత జరిగినా నాకు అన్నం సహించడం లేదు. అడగకుండా ఉండలేను.

మొదట్నుంచీ అంతా మనం అనుకున్నట్టే సాగింది. మీరు రెచ్చిపోయి వచ్చారు, నేను రాజును తప్పించాను. మూలనున్నదాన్ని తీసుకున్నాను, రెండోదాన్ని వదిలేశాను, పేర్లు రాయను, భయమేస్తోంది. బంటు జరిపాను. అప్పుడు మీ వంతు వచ్చింది. నేను తల ఎత్తి మీ వైపు నుంచి బల్లను చూశాను వదినగారూ. మీ రెండో గుర్రం ఇంకా గడప దాటలేదు. అది ఒక్కటి బయటికి వస్తే చాలు. మీ మూలనున్నదానికి దారి తెరుచుకుంటుంది, లోపల దూరిన నా మంత్రి అక్కడే ఇరుక్కుపోతుంది, నా రాజుకు సందు ఉన్నా లేనట్టే. అయిపోయింది, కుర్చీ పోయింది అనుకున్నాను.

మీ చెయ్యి గుర్రం దాకా వెళ్ళింది. పైన ఆగింది. తర్వాత పక్కకి వెళ్ళి ఎక్కడో ఒక బంటును జరిపింది. ఎందుకూ పనికిరాని బంటును.

ఆ తర్వాత నేను గెలవకపోతే ఆశ్చర్యం గాని, గెలిస్తే ఏముంది?

చూశారా, చూసి వదిలేశారా? చూడలేదంటే నమ్ముతాను, మనిషన్నాక చూపు తప్పుతుంది, నా వృత్తే అది. చూసి వదిలేశారంటే మాత్రం ఆ కుర్చీ మీరు పెట్టిన భిక్ష. దాంట్లో నేను కూర్చోలేను. నిన్న సంఘానికి వెళ్ళి గుమ్మం దగ్గర నుంచే తిరిగి వచ్చేశాను. మన ఆటకు ఊపిరి ఉందా అని మిమ్మల్ని అడిగి ఇంతకాలమైంది. గెలిచి కూడా నాకు జవాబు తెలియలేదు. ఇంతకుముందు కనీసం ఏది తెలియదో తెలిసేది.

నిజం రాయండి. ఏ మాటల్లో రాసినా సరే.

మీ వదిన

*

బస్సు డిపో, ఎంక్వయిరీ కిటికీ
చలి మొదలైంది

వదినగారూ,

చూశాను.

ఆ రోజు రాయనన్నది ఆ గుర్రమే. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆడాలనే కూర్చున్నాను. మీకు భిక్ష పెట్టేటంత దాన్ని కాదు, మా సంఘానికి మాట ఇచ్చిన దాన్ని. చెయ్యి కూడా అందుకే వెళ్ళింది. మరి ఎందుకు ఆగిందని మా వాళ్ళూ అడిగారు. కళ్ళు తిరిగాయని చెప్పాను. మొదట నేనూ అనుకున్నాను, మీ మీద ప్రేమతో ఆగానని. ఇంటికి నడుస్తుంటే అది కూడా అబద్ధమని తెలిసింది.

నేను ఆగింది మీకోసం కాదు. ఆ గుర్రం కదిలితే మన ఆట చచ్చిపోతుంది. మా నాన్న నేర్పిన ఆట, ఇన్నేళ్ళూ ఈ కిటికీ వెనక నాకు తోడున్న ఆట. అది చస్తే చావనీ, నా చేతిలో చావడం నాకు ఇష్టం లేకపోయింది. ఎదురుగా మీరు కాక మందుల షాపాయన ఉన్నా నా చెయ్యి అక్కడే ఆగేది. కాబట్టి మీ కుర్చీ భిక్ష కాదు. నా పిరికితనం వల్ల మీకు మిగిలింది. వెళ్ళి కూర్చోండి.

ఊపిరి ఉందా లేదా అంటారా? తెలియదు. నాకు తెలిసినంతవరకు ఆ గుర్రం బయటికి వచ్చాక నల్లవాళ్ళకు దిక్కులేదు. కాని నాకు తెలిసినంతవరకు అంటే ఎంత? ఏనుగు ఏదో తెలుసుకోవడానికే వేసవి పోయి వానలు వెలిశాయి.

చలికాలం సెలవుల్లో పిల్లలను తీసుకుని రండి. సంఘాలు వద్దు, సెక్రటరీలు వద్దు, మా ఇంట్లో బల్ల వేద్దాం. తెల్లవి నాకివ్వండి. ఈసారి గుర్రాన్ని కదుపుతాను, ఒట్టు. మీరు ఎంత బతిమాలినా కదుపుతాను.

మీరు వచ్చేలోపు ఒక పని పెట్టుకున్నాను. బస్సుకీ బస్సుకీ మధ్య బల్ల వేసి, తెల్లవైపు కూర్చుని, ఆ గుర్రాన్ని కదిపి, అక్కడి నుంచి మీ నల్లరాజుకు దారి వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు. దొరికితే ముందు మీకే రాస్తాను.

కిటికీ వదిన